కొత్త బండి కొన్న మేనల్లుడికి

చి. చిన్నాని ఆశీర్వదించి పెదమామయ్య రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. బైకు తీసుకున్నావని, దుర్గమ్మ కొండ కింద పూజ కూడా చేయించావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ నిన్న ఫోన్లో నీ గొంతులో సంతోషం కంటే టెన్షనే ఎక్కువ వినబడింది. న్యూట్రల్ పడటం లేదు, ఆపాక టిక్కు టిక్కుమంటోంది, మైలేజీ రావడం లేదు అంటూ ఊపిరి సలపనివ్వలేదు. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. అందుకే రాస్తున్నా.

ఇన్నేళ్లు మెకానిక్ షెడ్డులో చూసినదాన్ని బట్టి చెప్తున్నా. కొత్త బండి మొదటి నెలలో పెట్టే ఇబ్బందుల్లో చాలావరకు అసలు జబ్బులే కావు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఒక నట్టు తిప్పితే పోతాయి. నిజంగా భయపడాల్సినవి నాలుగైదే. ఈ మూడు రకాలనూ ఒకే గాటన కట్టి, కనబడిన ప్రతి మెకానిక్ చేతా బండి విప్పించావంటే ఉన్న వారంటీ పోయి లేని జబ్బు వస్తుంది.

ముందు ఇంజన్ ఫ్రీ అవ్వడం గురించి. సిలిండర్ లోపలి గోడ అద్దంలా నున్నగా ఉండదురా. ఫ్యాక్టరీలో కావాలనే ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు గీస్తారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. పిస్టన్ రింగులు వాటి మీద రాసుకుంటూ అరిగి, గోడకి సరిగ్గా కూర్చుంటాయి. ఈ పని మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే ఎక్కువగా జరుగుతుంది. అందుకే 500 కిలోమీటర్ల దాకా ఫుల్ రేజ్ ఇవ్వొద్దంటారు. అంతటితో అయిపోలేదు. ఒకే స్పీడులో అలా పోనివ్వకూడదు, పెద్ద గేరులో తక్కువ స్పీడుతో ఈడ్చకూడదు. వారధి దాటి మంగళగిరి వైపు హైవే ఎక్కగానే 45 దగ్గర పెట్టేసి పాటలు వింటూ పోవాలనిపిస్తుంది. అలా కాకుండా కాసేపు 35, కాసేపు 50, మధ్యలో రేజ్ వదిలి మళ్ళీ అందుకో. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో టాప్ గేరులోనే ఉండిపోయి, ఇంజన్ దడదడలాడుతుంటే 20 స్పీడులో లాగుతారు చూడు, అది ఫుల్ రేజ్ ఇచ్చినంత చెడ్డది. గేరు దించడానికి బద్ధకం వద్దు. పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయడం కూడా అనవసరం. ఒక అర నిమిషం ఆగి మెల్లగా బయల్దేరితే నడకలోనే వేడెక్కుతుంది. ఇక స్నేహితులతో శ్రీశైలం అన్నావు. విజయవాడ నుంచి 250 కిలోమీటర్ల పైనే దూరం, పైగా దోర్నాల దాటితే ఘాట్ రోడ్డు. మొదటి సర్వీసు అయ్యేదాకా ఆ మాట ఎత్తకు.

ఇప్పుడు నీ ఫిర్యాదులు.

ఆపాక వచ్చే టిక్కు టిక్కు సైలెన్సర్‌ది. వేడికి సాగిన లోహం చల్లారుతూ మళ్ళీ ముడుచుకుంటుంది, ఆ చప్పుడది. పొద్దున్నే సైలెన్సర్ మూతి నుంచి నీటి చుక్కలు పడటం కూడా మామూలే. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది, చల్లటి గొట్టంలో అది నీరవుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఏదో కాలిన వాసన వచ్చిందన్నావు కదా, తుప్పు పట్టకుండా పూసిన పూత వేడికి మండిన వాసన అది. ఇంకా వస్తుంటే మాత్రం వంగి చూడు, నీ రెయిన్‌కోటు ముక్కో ప్లాస్టిక్ కవరో సైలెన్సర్‌కి అంటుకుని ఉంటుంది.

న్యూట్రల్ విషయం. కొత్త బండికి, అందులోనూ ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు, పూర్తిగా ఆగిపోయాక న్యూట్రల్ వెతికితే ఫస్టుకీ సెకండుకీ మధ్య గెంతుతూనే ఉంటుంది. సిగ్నల్ దగ్గరికి వస్తూ, బండి ఇంకా మెల్లగా దొర్లుతుండగానే సెకండ్ నుంచి పాదంతో చిన్నగా తట్టు, పడుతుంది. అప్పటికీ పడకపోతే క్లచ్ చూడు. బండి ఆపి, క్లచ్ లివర్ చివర వేలితో మెల్లగా లాగు. ఏ బిగువూ లేకుండా ఒక సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల దాకా కదలాలి, ఆ తర్వాతే కేబుల్ పట్టు తగలాలి. అంతకంటే ఎక్కువ లూజుంటే లివర్ పూర్తిగా నొక్కినా క్లచ్ విడవదు, గేరు టక్‌మని కొట్టుకుంటుంది. అసలు లూజే లేకపోతే క్లచ్ ప్లేట్లు జారి అరుగుతాయి. కొత్త కేబుల్ మొదట్లో కాస్త సాగుతుంది కాబట్టి ఈ లూజు మారడం సహజం. సరిచేయడం రెండు నిమిషాల పని. సర్వీసులో దగ్గరుండి చూస్తే తర్వాత నువ్వే చేసుకోగలవు.

చైను కూడా అంతే, మొదట్లో సాగుతుంది. మీ 125 సీసీ బండికి చైను మొత్తం కవరు ఉంటుంది కదా, దాని మీద ఒక నల్ల రబ్బరు బిళ్ల కనబడుతుంది. అది గోటితో ఊడదీసి, లోపలికి వేలు పెట్టి చైనుని పైకీ కిందికీ ఆడించి చూడు. ఎంత ఆడాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇలాంటి బండ్లకి సాధారణంగా 20, 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. బండిని కొద్దికొద్దిగా ముందుకు తోస్తూ మూడు నాలుగు చోట్ల చూడాలి, చైను అన్నిచోట్లా ఒకేలా సాగదు. చప్పుడు పోవాలని వీణ తీగలా బిగించమని మాత్రం ఎవరికీ చెప్పకు. వెనక మనిషి కూర్చుంటే అది ఇంకా బిగుసుకుని బేరింగుల్నీ పళ్ల చక్రాల్నీ తినేస్తుంది.

బ్రేకు గురించి నువ్వు చెప్పింది విని నవ్వొచ్చింది. వెనక బ్రేకు తొక్కితే ముందు కూడా పట్టేస్తోంది, ఏదో ఇరుక్కుందన్నావు. అది జబ్బు కాదు, అలాగే చేశారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బండ్లకి రెండు బ్రేకులూ కలిపి పట్టే ఏర్పాటైనా ఉండాలి, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అయినా ఉండాలి. అయినా ముందు బ్రేకు వాడటం మానకు. కొత్త ప్యాడ్లు, కొత్త టైర్లు మొదట్లో సరిగా పట్టవు. టైరు మీద ఫ్యాక్టరీ నునుపు ఉంటుంది, దానికి తోడు షోరూమ్ కుర్రాళ్లు ఫొటోకి మెరవాలని పాలిష్ పూస్తారు. సబ్బు నీళ్లతో ఆ మెరుపు కడిగెయ్. మొదటి వంద, నూట యాభై కిలోమీటర్లు మలుపుల్లో వంచకు, వాన పడితే ఇంకా జాగ్రత్త.

గుంతల్లో నడుం విరిగిపోతోందంటే ముందు గాలి చూపించు. షోరూమ్‌కి వచ్చే బండ్లలో గాలి ఎక్కువ కొట్టి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఎంత ఉండాలో చైన్ కవరు మీదో వెనక ఫోర్కు మీదో స్టిక్కరు ఉంటుంది. ఒక్కడే వెళ్తే ఒక లెక్క, ఇద్దరైతే ఇంకో లెక్క. బంకు కుర్రాడి అలవాటుకి వదలకుండా అంకె నువ్వే చెప్పు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించు.

మైలేజీ లెక్క నువ్వు మీటర్లో పుల్ల చూసి వేస్తున్నావు. అది లెక్క కాదు. ట్యాంకు నింపి, మీటరు రాసుకుని, మళ్ళీ అదే బంకులో నింపినప్పుడు, మధ్యలో తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించు. రెండు మూడుసార్లు చేస్తే గానీ నిజం తేలదు. ఇంజన్ ఇంకా బిగువుగానే ఉంది, పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ప్రకటనలో అంకె చూసి ఏడవకు. నింపేటప్పుడు మూతి దాకా పోయించకు. మరీ ఖాళీ అయ్యేదాకా కూడా తిప్పకు. మా రోజుల్లో రిజర్వ్ తిప్పుకునేవాళ్లం. మీ బండికి ఆ ట్యాపు లేదు, ట్యాంకులో మునిగి ఉండే పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.

పగలు లైటు వెలుగుతోందని ఎదురొచ్చేవాళ్లు ఇప్పటికీ గుప్పిట తెరిచి మూసి చూపిస్తుంటారు. నవ్వి ఊరుకో. 2017 నుంచి కొత్త బండ్లకి ఆ స్విచ్చే లేదు. అద్దం లూజైతే కింద లాక్ నట్టు బిగిస్తే చాలు. కొన్ని బండ్లకి కుడివైపు అద్దం మర తిరగేసి ఉంటుంది, కాబట్టి కదలట్లేదని బలం చూపించకు.

ఇక ఆగకూడనివి. ఇంజన్ కింద ఆయిల్ మరక, పెట్రోలు వాసన, హ్యాండిల్ వణకడం లేదా బండి ఒక పక్కకి లాగడం, బ్రేకు మెత్తగా లోపలికి దిగిపోవడం, ఇంజన్ నడుస్తుండగా కూడా ఆరని పసుపు ఇంజన్ లైటు. తాళం తిప్పగానే ఆ లైటు వెలగడం సరే, నడుస్తున్నప్పుడు ఆరిపోవాలి. వీటిలో ఏది కనబడినా ఆదివారం దాకా ఆగొద్దు, ఆ రోజే చూపించు.

మొదటి సర్వీసు కిలోమీటర్లు, రోజులు ఈ రెండింటిలో ఏది ముందొస్తే దాని ప్రకారం చేయించాలి. ఆ గడువు దాటితే వారంటీ దగ్గర గొడవ. లేబర్ ఫ్రీ అన్నా ఆయిల్‌కి డబ్బులు తీసుకుంటారు, దానికి పోట్లాడకు. పాత ఆయిల్‌లో రింగులు అరిగిన లోహపు పొడి ఉంటుంది, మార్చకపోతేనే నష్టం. వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకో. “ఏదో సౌండొస్తోంది” అంటే వాళ్లూ ఏదో చేసి పంపిస్తారు. “ఇంజన్ వేడెక్కాక, మూడో గేరులో 40 దగ్గర, కుడిపక్క గరగర, క్లచ్ నొక్కితే ఆగుతుంది” అని చెప్పి జాబ్ కార్డు మీద అలాగే రాయించు. మెకానిక్‌ని ముందు కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పించు. కడిగేటప్పుడు ప్రెషర్ గన్ స్విచ్చుల మీద, సైలెన్సర్ లోపలికి కొట్టొద్దని చెప్పు. హారన్లు, రంగు లైట్లు అంటూ వైర్లు కోయించావో, నాకు ఫోన్ చేయకు.

ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చూడు. మన బండి వల్ల అవతలివాళ్లకి నష్టం జరిగితే ఇచ్చే థర్డ్ పార్టీ 5 ఏళ్లకి ఉంటుంది. మన బండికి దెబ్బ తగిలితే ఇచ్చేది చాలావరకు ఏడాదికే చేస్తారు. ఐదేళ్లూ ఉందనుకుని నిద్రపోకు.

చివరికి, శారీ గార్డు తీసేస్తే స్టైలుగా ఉంటుందన్నావట. వెనక కూర్చునేది మీ అమ్మ. పైట చక్రంలో పడితే ఏమవుతుందో షెడ్డులో నా కళ్లతో చూశాను. ఆ కడ్డీ ఉండాల్సిందే. ఆవిడ పక్కకి కూర్చున్నప్పుడు పాదం ఆనే ఫుట్‌రెస్టు బిగువుగా ఉందో లేదో కూడా సర్వీసులో చూపించు.

సర్వీసు అయ్యాక బిల్లు ఫొటో వాట్సాప్‌లో పెట్టు. ఆయిల్ ఏ గ్రేడ్ పోశారో, ఎంత పోశారో చూస్తాను.

ఇట్లు,
మీ పెదమామయ్య