కరిగిన పాలియెస్టర్‌ను వేగంగా లాగితే స్ఫటికాలు ఎందుకు పెరుగుతాయి?

స్ఫటికం కట్టడానికి తీరిక కావాలి కదా, మరి దారాన్ని వేగంగా లాగేకొద్దీ స్ఫటికం ఎలా పెరుగుతుందని మీరు అడిగారు. సూరత్ దగ్గర ఒక నూలు కర్మాగారంలో, స్పిన్నింగ్ విభాగంలో చేరిన కొత్తలో నన్నూ ఇదే తికమక పెట్టింది.

అక్కడి పని జంతికలు వత్తడం లాంటిదే. 280–290 డిగ్రీల దగ్గర కరిగిన పాలియెస్టర్ స్పిన్నరెట్ పళ్లెంలోని సన్నని రంధ్రాల గుండా కిందికి దిగుతుంది, పక్కనుంచి చల్లగాలి వీస్తుంది. కాకపోతే కింద చుట్టే యంత్రం దారాన్ని లాగుతూనే ఉంటుంది. నిమిషానికి 1000 మీటర్ల వేగంతో చుడితే, అణువులు చిందరవందరగా ఉండగానే దారం గాజులా బిగుసుకుంటుంది. 3000 దాటితే వరుస కుదురుతుంది గానీ స్ఫటికం తక్కువే. పీవోవై (పాక్షికంగా వరుస కుదిరిన నూలు) అంటే అదే. 5000 దాటాక మాత్రం దారం గాలిలో ఉండగానే స్ఫటికం కడుతుంది.

ఒక రాత్రి షిఫ్టులో మా సూపర్‌వైజర్ రెండు చిలపలు ఇచ్చి మరిగే నీళ్లలో వేయమన్నారు. రెండూ ఒకే చిప్స్‌తో, అంటే కరిగించే పాలియెస్టర్ పలుకులతో, తీసినవే. పీవోవై చిలప చూస్తుండగానే సగానికి పైగా ముడుచుకుపోయింది. అతివేగంగా చుట్టినది ఇంచుమించు అలాగే ఉంది. వరుసలో నిలబడటం వేరు, స్ఫటికంగా కుదురుకోవడం వేరని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. పాలియెస్టర్ అణువులు పొడవాటి గొలుసుల్లాంటివి; తీరిక కావలసింది చుట్టలు పడిన ఆ గొలుసులు విప్పుకోవడానికే. ఆ పని లాగుడు చేసిపెడుతుంది. సాగిన గొలుసుకు స్ఫటికంలో చేరితే పోయే ఎంట్రపీ (చిందరవందరతనం) తక్కువ, అందుకే అడ్డంకి తగ్గి, ఇంకా వేడిగా ఉండగానే స్ఫటికం మొదలవుతుంది. అయితే గొలుసు మళ్లీ ముడుచుకునే లోపే లాగాలి. పొట్టి గొలుసులు ఇట్టే ముడుచుకుంటాయి, పొడవైనవి సాగే ఉండిపోతాయి. పుస్తకాల బొమ్మల్లో అన్నీ సమానంగా సాగినట్టు గీస్తారు, నాకు అది నచ్చదు. ఒకే కరుగులో సాగినవీ సాగనివీ వేరుపడతాయి. సాగినవి చువ్వలా ముందు స్ఫటికం కడితే, మిగతావి దాని మీద అడ్డంగా పలకలు పేరుస్తాయి. 1960లలో పెన్నింగ్స్ అనే శాస్త్రవేత్త పాలిథిలీన్ ద్రావణాన్ని కలియబెట్టి చూసిన 'షిష్-కబాబ్' ఆకారం ఇదే.

అందుకే చిప్స్ ఐవీ (గొలుసుల పొడవును తెలిపే స్నిగ్ధతా కొలత) కాస్త పెరిగినా, అంటే గొలుసులు పొడవైనా, తక్కువ వేగంలోనే స్ఫటికం మొదలయ్యేది. కొత్త లాట్ వస్తే మేము వేగం ముట్టుకునే ముందు ఐవీ చీటీ చూసేవాళ్లం.