మీటింగ్ అని చెప్పి పూల్ ఆడుతున్నాను

ప్రశ్న: నా వయసు 46. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో మేనేజరుని. ఇంజనీరింగ్ రోజుల్లో కాలేజీ పక్క సందులోని పార్లర్‌లో, టేబుల్ మీద కర్రతో బంతులు కొట్టే పూల్, స్నూకర్ బాగా ఆడేవాడిని. ఉద్యోగం, పెళ్లి, పిల్లలతో అది మూలపడింది. కిందటేడాది ఆఫీసు వాళ్లతో రిసార్టుకు వెళ్లినప్పుడు మళ్లీ ఆ కర్ర, అదే క్యూ, పట్టుకున్నాను. అప్పటినుంచి మంగళ, శుక్రవారాల్లో రాత్రి ఎనిమిది నుంచి పది దాకా పూల్ సెంటరులోనే ఉంటున్నాను. ఇంట్లో మీటింగ్ అని చెబుతూ వచ్చాను. ఈమధ్య ప్యాంటు జేబులో క్యూ మొనకు రాసే చాక్ ముక్క దొరికి నా భార్యకు విషయం తెలిసిపోయింది. ‘ఈ వయసులో కుర్రాళ్లతో పార్లర్లలో తిరగడమేమిటి’ అని గొడవ చేసి, మాట్లాడటం మానేసింది. నాకు తాగుడు లేదు, సిగరెట్ లేదు. ఖర్చు నెలకు మూడు వేలు దాటదు. ఒక్క సరదా ఉండటం తప్పా? అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది. ఇంత జరిగినా ఆటయినా బాగుందా అంటే అదీ లేదు. వంగితే కళ్లద్దాల ఫ్రేము అడ్డొస్తోంది, ఇరవై ఏళ్ల పిల్లలు ‘అంకుల్’ అంటూనే ఓడిస్తున్నారు. సొంత క్యూ కొనుక్కుంటే మెరుగుపడుతుందా? అన్నట్టు, మా బావమరిది పేకాటలో పొలం పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆవిడకు ఆటలంటేనే పడదు.
– ఒక పాఠకుడు

జవాబు: అన్నిటికన్నా ముందు రాయవలసిన సంగతిని చివర్లో ‘అన్నట్టు’ అని రాశారు. నేను అక్కడినుంచే మొదలుపెడతాను.

బట్టలు నానబెట్టే ముందు మీ ఆవిడ జేబులు తడుముతుంటే ఒక ముక్క చేతికి తగిలింది. నాలుగు పక్కలా కాగితం, పైన అరిగి గుంటపడిన నీలం రంగు, పాచికను తలపించే ఆకారం. వేళ్లకు పొడి అంటుకుంది. అదేమిటో మొదట ఆమెకు తెలిసి ఉండదు. తెలిశాక మాత్రం వారానికి రెండేసి మీటింగులు ఒక్కసారిగా కళ్లముందు మెదిలి ఉంటాయి. తమ్ముడు కూడా ఇల్లు దాటేటప్పుడు ‘పేకాటకు వెళ్తున్నాను’ అని చెప్పి ఉండడు కదా. పొలం పోయిన ఇంటి ఆడపడుచు అబద్ధాన్ని చూసి భయపడితే, దాన్ని మీ సరదా మీద కోపంగా లెక్కగట్టడం న్యాయం కాదు.

సరదా ఉండటం తప్పా అని అడిగారు. కాదు. 46 ఏళ్ల మనిషి వారంలో కొన్ని గంటలు ఫోను పక్కన పడేసి, టేబుల్ చుట్టూ నడుస్తూ, ఒక బంతి మీద మనసు నిలిపితే అంతకన్నా ఏం కావాలి? కాకపోతే ఆ మాట నాకు రాసినంత ధైర్యంగా ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆలోచించారా? ‘వద్దంటుంది’ అన్న భయమే అయితే, వద్దనే అవకాశం కూడా ఆమెకు ఇవ్వకుండా మీరే తీర్పు రాసేసుకున్నారు.

పార్లర్ అంటే ఆమెకున్న అభిప్రాయాన్ని కూడా తేలిగ్గా తీసేయకండి. మీరు చదువుకున్న రోజుల్లో అవి ఎలా ఉండేవో మీకు తెలియనిదా? అద్దాలకు నల్ల కాగితం, లోపల పొగ, క్లాసు ఎగ్గొట్టిన పిల్లలు, గేముకు ఇంత అని పందెం. ఇప్పుడు చాలాచోట్ల ఆ వాతావరణం లేదు. ఆటకు చెడ్డపేరు మాత్రం మిగిలింది. నిజానికి పూల్‌కు దగ్గరి చుట్టమైన స్నూకర్ 1875లో మన జబల్పూరులోనే, అప్పటి సైనికాధికారుల మెస్సులో పుట్టింది. మన దేశపు ఆటగాడు విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచారు. బిలియర్డ్స్, స్నూకర్ ఆటగాడు పంకజ్ అద్వానీకి 2018లో పద్మభూషణ్ వచ్చింది. అయితే ఇవన్నీ ఆమె ముందు ఏకరువు పెట్టకండి. పద్మభూషణ్ వచ్చింది ఆయనకు, మీటింగ్ అని చెప్పి వెళ్లింది మీరు.

కూర్చోబెట్టి చెప్పండి. అబ్బాయి ఇంట్లో లేని సమయం చూసుకోండి. ఎప్పటినుంచి వెళ్తున్నారు, ఎవరితో ఆడుతున్నారు, ఎంత అయింది, అన్నీ. ఫోనులో చెల్లింపుల వివరాలు తెరిచి చేతికివ్వండి. ‘నేనేం తాగొచ్చానా, తిరిగొచ్చానా’ అనే మాట మాత్రం ఎత్తవద్దు. ఆ మాటతో ఇంట్లో ఏ గొడవా చల్లారదు. వీలైతే ఒకసారి సెంటరు చూడటానికి రమ్మని పిలవండి. రానంటే బతిమాలకండి. పిలవడం మీ వంతు. ఆ వెంటనే ఆమె నవ్వుతూ మాట్లాడుతుందని ఆశించకండి. ఇన్ని నెలల అబద్ధానికి కొంత గడువు ఆమెకూ కావాలి.

డబ్బు సంగతి. నెలకు మూడు వేలు అన్నారుగానీ, అది టేబుల్ అద్దెనా, ఓడినందుకు కట్టిందా చెప్పలేదు. మన సెంటర్లలో ఓడినవాళ్లే టేబుల్ డబ్బులు కట్టాలనే అలవాటు ఉంది. చూడటానికి అది పందెంలా ఉండదు. కానీ ఓడిన రాత్రి ‘ఇంకొక్క గేము, ఈ అద్దె వాడిమీద వేసేస్తాను’ అని మళ్లీ క్యూ అందుకుంటారు చూడండి, పేకాట బల్ల దగ్గర మీ బావమరిదిని కూర్చోబెట్టిందీ అదే. కాబట్టి గెలిచినా ఓడినా అద్దె సగం సగం అని ముందే మాట అనుకోండి. ఒప్పుకోని వాళ్లతో ఆడకండి. కూల్‌డ్రింక్ పందెం కూడా మీకు వద్దు.

అబ్బాయి పరీక్షలు అయ్యేదాకా రెండు రాత్రుల్లో ఒకటి వదులుకోండి. మీరు పక్కన కూర్చుంటే వాడికి భౌతికశాస్త్రం వచ్చేస్తుందని కాదు. ఆ ఏడాది ఇంట్లో ఉండే బరువంతా ఆమె ఒక్కతే మోస్తోందని నా అనుమానం. మీ ఉత్తరంలో అబ్బాయి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది మరి.

ఇక ఆట. కాలేజీ రోజుల్లో మీరు బహుశా రోజూ ఆడి ఉంటారు. ఇప్పుడు ఆఫీసులో అలిసిపోయి వారానికి రెండు రాత్రులు ఆడుతూ ఆ కుర్రాడితోనే పోల్చుకుంటే దిగులే మిగులుతుంది. గేములు కొంచెం తగ్గించండి. అరగంట ముందు వెళ్లి ఒంటరిగా, తెల్ల బంతి, రంగు బంతి, పాకెట్ (టేబుల్ అంచున బంతి పడే రంధ్రం) ఒకే గీతలో పెట్టుకుని కొట్టండి. రంగు బంతి పాకెట్లో పడి, తెల్ల బంతి దాన్ని తాకినచోటే ఆగాలి. అది కుదిరేదాకా తెల్ల బంతిని పక్కకు కొట్టి తిప్పే సైడు, స్పిన్ జోలికి పోవద్దు. నడుము పట్టేయకుండా మోకాళ్లు కాస్త వంచి నిలబడండి.

కళ్లద్దాల ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. గడ్డం క్యూకు ఆనేలా వంగినప్పుడు చూపు అద్దం పై అంచులోంచి పోతుంది. మామూలు ఫ్రేము అక్కడే అయిపోతుంది. దూరపు చూపు, దగ్గరి చూపు ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలైతే మరీ చికాకు. ఉత్తర ఐర్లండ్ స్నూకర్ ఆటగాడు డెనిస్ టేలర్ ఇందుకోసమే పెద్ద అద్దాలను తలకిందులుగా ఉన్నట్టు కనిపించేలా చేయించుకున్నారు. ప్రేక్షకులు నవ్వారు. 1985 ప్రపంచ ఫైనల్లో ఆయన స్టీవ్ డేవిస్‌ను 18–17తో, చిట్టచివరి నల్ల బంతి మీద ఓడించారు. కళ్లద్దాల షాపులో ఎలా వంగుతారో చేసి చూపించి, పైభాగం ఎత్తుగా ఉండే ఫ్రేములో దూరపు చూపుకు మాత్రమే అద్దాలు అడగండి. సగం ఓటములకు కారణం అదే కావచ్చు.

‘అంకుల్’ అన్నారని నొచ్చుకోకండి. 46 ఏళ్లకు మరేమని పిలుస్తారు? వాళ్లలో బాగా ఆడేవాడిని పక్కకు పిలిచి, క్యూ ముందు భాగాన్ని ఆనించే మీ బ్రిడ్జి చెయ్యి కదులుతోందేమో చూడమనండి. సంతోషంగా చెబుతాడు.

సొంత క్యూ ఇప్పుడే వద్దు. సెంటరులో ఉన్నవాటిని ఒక్కొక్కటే టేబుల్ మీద దొర్లించి చూడండి. వంకర ఉన్నది ఎగిరెగిరి పడుతుంది, తిన్ననిది సాఫీగా దొర్లుతుంది. దాన్ని గుర్తుపెట్టుకుని రోజూ అదే తీసుకోండి. ఇంట్లో మాటలు మొదలైన తర్వాత, ధర ముందుగా ఆమెకు చెప్పి, అప్పుడు కొనండి.