ఎర వేసే ముందే తేల్చుకో

చిరంజీవి చిన్నాకు, మీ మామయ్య ఆశీస్సులు.

శనివారం వానపాముల డబ్బాతో గాలాటిన్ నదికి వెళ్తున్నావట, పట్టినవన్నీ మళ్ళీ వదిలేస్తావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వదిలేస్తే చేప బతికినట్టేనని నేనూ చాలా ఏళ్ళు అనుకున్నాను.

అమెరికాలో ఈ మోంటానా రాష్ట్రానికి వచ్చిన కొత్తలో నేను పట్టిన ట్రౌట్ అనే చేప ఒకటి వానపాముతో పాటు గాలాన్నీ గొంతు దాకా మింగేసింది. పట్టకారుతో లాగాను. గాలం ఊడింది కానీ మొప్పల్లోంచి నెత్తురు సన్నగా కారింది. నీళ్ళలో వదిలితే రెండుసార్లు తోక ఆడించి, వెల్లకిలా తిరిగి, ఒక రాయికి ఆనుకుని ఆగిపోయింది. ఆ తెల్లటి పొట్ట నాకింకా గుర్తే.

వానపాము నిజంగా తిండే కదా, అందుకని చేప దాన్ని మింగేస్తుంది. పురుగులా కనిపించేలా గాలానికి ఈకలతో కట్టిన ఫ్లై అయితే చాలాసార్లు పెదవి దగ్గరే తగులుకుంటుంది. ఎరతో పట్టి వదిలిన ట్రౌట్‌లో దాదాపు 100కి 30 చనిపోతాయని, ఫ్లైతో అయితే 5 లోపేనని పరిశోధకులు తేల్చారు.

ఎర వేయడం తప్పని నేననను. గోదావరి కాలవ గట్టు మీద నేను నేర్చుకున్నదీ అదే. కూరకి కావాలంటే ఎర వెయ్యి, రూల్సు పుస్తకం ఒప్పుకున్న చోటే వెయ్యి, అందులో రాసినన్ని పడగానే సర్దుకుని వచ్చెయ్యి. పెంచిన చేపలు వేసే చెరువులు అందుకు మంచివి. వదలాలనుకున్న రోజు మాత్రం వానపాములు ఇంట్లోనే పెట్టి వెళ్ళు.

నదుల సంగతి వేరు. మ్యాడిసన్ నదిలో డిక్ విన్సెంట్ అనే శాస్త్రవేత్త లెక్కపెట్టి చూస్తే, పెంచిన ట్రౌట్‌ని వేయడం ఆపిన చోట నదిలో పుట్టినవే పెరిగాయి. దాంతో 1974లో మోంటానా అలాంటి నదుల్లో పెంచిన చేపల్ని వేయడం మానేసింది. అక్కడ నువ్వు చంపిన చేప లోటు నది తనే తీర్చుకోవాలి. అలాగని అన్నిచోట్లా వదలమనీ కాదు. ఎల్లోస్టోన్ సరస్సులో లేక్ ట్రౌట్ అనే రకం పడితే చంపాలన్నదే రూలు. బయటి నుంచి వచ్చి అక్కడి కట్‌త్రోట్ ట్రౌట్‌ని తినేస్తున్నాయి మరి.

మన కొరమీను తడి గోనెసంచిలో కూడా చాలాసేపు బతుకుతుంది. ట్రౌట్‌ని అలా అనుకోకు. చేతులు తడుపుకుని పట్టుకో, పొడి చేతులకి ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. ఫొటో కావాలంటే పది సెకన్లలో కానిచ్చెయ్యి. గాలం గొంతులో దిగితే లాగకు, దారం దగ్గరగా కత్తిరించి వదిలెయ్యి, చాలా చేపలు అలాగే కోలుకుంటాయి. ఎండాకాలం థర్మామీటరు ఉంచుకో. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే గాలం వేయకు. వరసగా మూడు రోజులు 23 డిగ్రీలకి చేరితే మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా ఆ నదిలో చేపలు పట్టనివ్వరు. అంతవరకూ ఆగడమెందుకు?

శుక్రవారం సాయంత్రం నీ గాలాల పెట్టె తీసుకుని ఇంటికి రా. గాలం కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముళ్ళు ఒక్కొక్కటే పట్టకారుతో నొక్కేద్దాం. నా ఫ్లైలు నాలుగిస్తాను.

మీ మామయ్య