కాచకపోయినా పులిస్తే నేరమేనా?

ప్రశ్న: లాయరు గారూ, మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. రెండెకరాల జీడిమామిడి తోట ఉంది. ఏటా పిక్కలు తీసుకున్నాక పండ్లన్నీ చెట్ల కిందే కుళ్లిపోతాయి. ఈసారి వాటి రసంలో పంచదార, ఈస్టు కలిపి తోటలోనే ఒక డ్రమ్ములో వైన్‌కు పులియబెట్టాను. అమ్మే ఉద్దేశం లేదు, ఇంట్లో తాగడానికే. సారాలా కాచడమూ లేదు. అయినా పొరుగు రైతు, ఎక్సైజువాళ్లు చూస్తే కేసు పెడతారంటున్నాడు. ఇంతవరకు ఎవరూ రాలేదు. నిజంగా కేసవుతుందా?

జవాబు: అవుతుంది. మీ పొరుగాయన చెప్పిందే నిజం.

'కాచడం లేదు కదండీ' అనే మాట నేను చాలాసార్లు విన్నాను. పొయ్యి, ఆవిరి, గొట్టం ఉంటేనే నేరమని మనవాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. చట్టం పొయ్యి దగ్గర మొదలుకాదు. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం వైన్, బీరు, కల్లుతో పాటు ఆల్కహాలు ఉన్న ప్రతి ద్రవమూ మద్యమే. తయారీ అనే మాటకు కూడా సహజంగా జరిగేదైనా, మనిషి చేసేదైనా మద్యాన్ని పుట్టించే ప్రక్రియ అంతా అని అర్థం. అంటే పులియబెట్టింది ఈస్టే, నేను కాదు అని వాదించడానికి చోటు లేదు. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయకూడదని 13వ సెక్షన్ చెబుతోంది. శిక్ష సంగతి 34వ సెక్షన్‌లో ఉంది, అది జైలు దాకా వెళుతుంది. అమ్మకపోవడం బెయిలు అడిగేటప్పుడో, శిక్ష తగ్గించమనేటప్పుడో పనికొస్తుంది తప్ప నేరాన్ని చెరిపేయదు.

తోట నాది, పండు నాది అంటారేమో. మీ ఉద్దానం ప్రాంతపు రైతుకు తాటిచెట్టు గురించి చెప్పనవసరం లేదు. చెట్టు మీదే అయినా కల్లు గీయడానికి అనుమతి కావాలి కదా? జీడిమామిడి పండు రసానికీ అదే న్యాయం.

మీరు ఎంచుకున్న చోటు ఇంకా ఇబ్బందికరం. ఒడిశా సరిహద్దు దగ్గర కావడంతో ఈ ప్రాంతంలో నాటుసారా మీద దాడులు ఎక్కువ. తోటలో చెట్ల చాటున నురుగు కడుతున్న డ్రమ్ము కనిపిస్తే, అది పండ్ల వైనా, సారా కోసం వేసిన బెల్లం ఊటా అని ఎవరూ రుచి చూసి తేల్చరు. పక్కన ఒక నల్లబెల్లం దిమ్మ ఉంటే చాలు, 1995 నాటి మద్యనిషేధ చట్టం సెక్షన్లు కూడా వచ్చి చేరవచ్చు. ఆ డ్రమ్మును ఆటోలో ఇంటికి తరలిస్తే ఆటో కూడా సీజ్ అవుతుంది.

గోవాలో జీడిమామిడి పండుతో ఫెనీ అనే మద్యం చేయడం లేదా అని అడిగేవారున్నారు. చేస్తారు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ మద్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. గోవా చట్టం మన రాష్ట్రంలో చెల్లదు.

ఎవరూ తనిఖీకి రాలేదని రాశారు కనుక ఆ డ్రమ్ము ఖాళీ చేసి ఈ పని ఆపేయండి. రేపు ఎవరైనా వస్తే మాత్రం దాచవద్దు, వాదించవద్దు. మధ్యవర్తుల నివేదిక (పంచనామా) అని ఒక కాగితం రాస్తారు. ఎన్ని లీటర్లు, ఎక్కడ దొరికింది, నమూనా సీసాకు సీలు వేశారా అన్నవి సరిగా ఉన్నాయో లేదో పూర్తిగా చదవనిదే సంతకం పెట్టకండి. తర్వాత కోర్టులో మీ న్యాయవాది పట్టుకునేది ఆ కాగితాన్నే.

ఇక పండ్లు వృథా కావడం గురించి మీ బాధ న్యాయమైనదే. తాజా రసంలో ఉడికించిన సగ్గుబియ్యం జావ కలిపితే వగరు విరిగి అడుగున పేరుకుంటుంది. పైన తేరిన రసంతో షర్బత్, జామ్ చేసుకోవచ్చు. ఎక్సైజ్ చట్టం జోలికి రాదు, చిన్న స్థాయిలో అమ్మాలంటే ఆహార భద్రతా చట్టం కింద రిజిస్ట్రేషన్ చాలు. ఎండాకాలంలో ఆ రసం గంటల్లోనే పులుపెక్కుతుంది కాబట్టి పిండిన రోజే వాడేయండి. వెనిగర్ చేద్దామనుకుంటే మాత్రం ఆగండి. రసం వెనిగర్ అయ్యే ముందు మధ్యలో ఆల్కహాలు దశ దాటాల్సిందే. అందుకని మొదలుపెట్టక ముందే శ్రీకాకుళంలోని జిల్లా ఎక్సైజ్ కార్యాలయానికి అర్జీ పెట్టి, జవాబు కాగితం మీద తీసుకోండి.