కొత్త కారుకు ఎక్స్‌టెండెడ్ వారంటీ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము ఖమ్మంలో ఉంటాం. నేనూ మావారూ ఉపాధ్యాయులం. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న పెట్రోలు కారు బుక్ చేశాం. కంపెనీ ఇచ్చే మామూలు వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. షోరూమ్ వాళ్లు ఇచ్చిన ఆన్‌రోడ్ కొటేషన్‌లో మరో మూడేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీకి 25,000 రూపాయలు మమ్మల్ని అడగకుండానే కలిపేశారు. తీసేయమంటే ‘డెలివరీ రోజు దాటితే ఇక దొరకదు మేడమ్’ అంటున్నారు. మావారు అది దండగ అంటారు. మా అన్నయ్య మాత్రం ఆరేళ్ల కిందట తన కారుకు తీసుకున్నానని, ఎంతో పనికొచ్చిందని, మమ్మల్నీ తప్పకుండా తీసుకోమని చెబుతున్నాడు. మేము ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్లకు మించి తిరగం. కారును కనీసం ఎనిమిదేళ్లు ఉంచుకోవాలని అనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: మీ విషయంలో తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అయితే షోరూమ్ వాళ్లు తొందరపెడుతున్నారు కాబట్టి డెలివరీ రోజునే తీసుకోవలసిన అవసరం మాత్రం లేదమ్మా.

ముందు ఆ కొటేషన్ సంగతి చూద్దాం. ఒక వస్తువు కొనాలంటే దానితో పాటు మరో వస్తువో సేవో కొని తీరాలని షరతు పెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. కాబట్టి ఆ 25,000 రూపాయల వరుసను తీసేయించి కొత్త కొటేషన్ రాయించుకునే హక్కు మీకు ఉంది. అలా అడిగినందుకు డెలివరీ ఆపడం కుదరదు. ఇక ‘ఇప్పుడు కాకపోతే దొరకదు’ అనే మాట చాలా కంపెనీల విషయంలో నిజం కాదు. మామూలు వారంటీ గడువు ముగిసేలోగా ఎప్పుడైనా పొడిగింపు కొనుక్కోనిచ్చే కంపెనీలే ఎక్కువ. ఆలస్యమయ్యే కొద్దీ ధర పెరుగుతుంది, కొన్ని కంపెనీలు బండిని తనిఖీ చేసిన తరువాతే ఇస్తాయి, అంతే తేడా. మీ కారు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, డెలివరీ రోజున ధర ఎంత, ఏడాదిలోపు అయితే ఎంత, మూడో ఏడాది చివర అయితే ఎంత అని మూడు ధరలూ అడిగి రాసుకోండి. తేడా రెండు మూడు వేలే అయితే నిదానంగా ఆలోచించుకోవచ్చు.

కారును అప్పు మీద తీసుకుంటున్నట్లయితే ఈ మొత్తాన్ని అందులో కలపనివ్వకండి. 25,000 రూపాయలను 9 శాతం వడ్డీకి ఐదేళ్ల వాయిదాల్లో కడితే చివరికి దాదాపు 31,100 రూపాయలు అవుతుంది. పైగా మీకు ఆ వారంటీ మొదలయ్యేది నాలుగో ఏడాదిలో. అంటే వాడుకోవడం మొదలుపెట్టకముందే మూడేళ్లపాటు దానిమీద వడ్డీ కడుతూ ఉంటారు.

మీ అన్నయ్య అనుభవం నిజమే కావచ్చు, కానీ ఆయన కొన్ననాటి లెక్క వేరు. అప్పట్లో మామూలు వారంటీ ఇంత ఉండేది కాదు. ఉదాహరణకు మారుతి సుజుకి 2024 జూలై వరకు రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చేది. ఆ నెలలో దానిని మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. 40,000 కిలోమీటర్లతో ఆగిపోయే వారంటీకి పొడిగింపు కొనుక్కున్న మనిషికి కలిగిన లాభమూ, లక్ష దాకా వారంటీ ఉన్న కారుకు పొడిగింపు కొంటే కలిగే లాభమూ ఒకటి కావు. అందుకే బంధువులు, స్నేహితులు చెప్పేది వినేటప్పుడు వాళ్ల కారు ఏ సంవత్సరానిదో ముందుగా అడగాలి.

అయినా తీసుకోమని ఎందుకు అంటున్నానంటే, మీ కారుది ఆటోమేటిక్ గేర్‌బాక్సు; పైగా మీరు దానిని ఎనిమిదేళ్లు ఉంచుకుంటారు. మామూలు గేర్లున్న చిన్న పెట్రోలు కారు, ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్ల వాడకం, నాలుగేళ్లకు అమ్మేసే ఆలోచన అయి ఉంటే మీవారి మాటే సరైనదని చెప్పి ఉండేదాన్ని. ఆరేళ్లకు మీరు తిరిగేది 54,000 కిలోమీటర్లు. ఆ దూరానికి పెట్రోలు ఇంజిను అరిగిపోదు. కాలం గడిచే కొద్దీ పాడయ్యేవి వేరే ఉంటాయి: ఏసీ కంప్రెసర్, పవర్ స్టీరింగ్ మోటారు, టచ్‌స్క్రీన్, ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు, గేర్లు మార్చే యాక్చుయేటర్లు. వీటికి కిలోమీటర్లతో పెద్దగా సంబంధం లేదు. మన ఎండల్లో నిలబడి ఉన్నా వాటి వయసు పెరుగుతూనే ఉంటుంది. వీటిలో చాలావాటిని విప్పి బాగుచేయరు, మొత్తం యూనిట్ మారుస్తారు. రెండు క్లచ్‌లు ఉండే డ్యూయల్ క్లచ్ రకం గేర్‌బాక్సులో ఇలాంటి ఒక్క మరమ్మతుకే బిల్లు లక్ష దాటడం అసాధారణం కాదు. మీది ఏఎంటీ రకమైతే, అంటే మామూలు గేర్‌బాక్సుకే గేర్లు తమంతట మారే ఏర్పాటు చేసినదైతే, ఖర్చు అంతకంటే తక్కువే, అయినా పదుల వేల రూపాయల్లో ఉంటుంది. మీరు కొన్న గేర్‌బాక్సు ఏ రకమో బ్రోచర్‌లో ఉంటుంది, ఒకసారి చూడండి.

డబ్బు కట్టే ముందు ఆ వారంటీ కాగితం ఎవరిదో తప్పనిసరిగా తెలుసుకోండి. కారు తయారీ కంపెనీ స్వయంగా ఇచ్చే పొడిగింపు దేశంలో ఆ కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రాలన్నిటిలోనూ చెల్లుతుంది. డీలరో, డీలరు ద్వారా మరో బయటి సంస్థో అమ్మే పథకం అలా కాదు. ఆ డీలర్‌షిప్ మూతపడితే మీరు ఎవరిని అడగాలో కూడా తెలియదు. జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో కార్ల అమ్మకం ఆపేసినప్పుడూ, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ నిలిపేస్తున్నట్లు ప్రకటించినప్పుడూ, అమ్మిన కార్ల వారంటీ బాధ్యతలు నెరవేరుస్తామని ఆ కంపెనీలు చెప్పాయి. చిన్న మధ్యవర్తి సంస్థ నుంచి ఆ పాటి భరోసా ఆశించలేం. రసీదు మీద ఎవరి పేరుంది, క్లెయిమ్‌కు అనుమతి ఇచ్చేది ఎవరు అన్న రెండింటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. కారును మధ్యలో అమ్మితే వారంటీ కొత్త యజమాని పేరుకు మారుతుందా, అందుకు రుసుము ఉందా అన్నది కూడా అడగండి. మారేదైతే అమ్మకంలో అది మీకు కలిసివస్తుంది.

ఆ తరువాత పార్టుల జాబితా చదవండి. ‘అన్నీ కవర్ అవుతాయి’ అని నోటితో చెప్పే మాటకు విలువ లేదు. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్లు, ఆయిల్ వంటి అరిగేవీ తరిగేవీ మామూలుగా ఏ పథకంలోనూ ఉండవు. టైర్లకూ బ్యాటరీకీ వాటి తయారీదారులే వేరుగా వారంటీ ఇస్తారు. ఎలుకలు వైర్లు కొరికినా, కల్తీ పెట్రోలు వల్ల నష్టం జరిగినా, బయట మ్యూజిక్ సిస్టం పెట్టించడానికి వైరు కత్తిరించినా క్లెయిమ్ రాదు. గేర్‌బాక్సు యాక్చుయేటరు, ఏసీ కంప్రెసర్, స్టీరింగ్ మోటారు, టచ్‌స్క్రీన్ అనే నాలుగు పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో వేలు పెట్టి చూపించమనండి. నాలుగూ ఉంటే తీసుకోండి. గేర్‌బాక్సు భాగాలే లేకపోతే మీకు ఆ వారంటీ అక్కరలేదు.

ముఖ్యంగా మీలా తక్కువ తిరిగేవాళ్లు ఒక విషయంలో నష్టపోతుంటారు. సర్వీసింగ్ షెడ్యూలు ‘10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది’ అని ఉంటుంది. ఏడాది తిరిగేసరికి మీ మీటరు తొమ్మిది వేల దగ్గర ఉంటుంది. ఇంకా వెయ్యి ఉంది కదా అని రెండు మూడు నెలలు ఆగడం సహజం. నాలుగేళ్ల తరువాత క్లెయిమ్‌కు వెళ్లినప్పుడు కంప్యూటర్‌లో ఆ ఆలస్యం కనిపిస్తుంది, దాన్నే కారణంగా చూపి తిరస్కరిస్తారు. కాబట్టి మీటరు చూడకుండా, కారు కొన్న తేదీని బట్టి సర్వీసింగ్ చేయించండి. ప్రతిసారీ చేసిన పనుల వివరాలుండే జాబ్ కార్డు నకలు, బిల్లు ఒకే ఫైల్లో పెట్టండి.

ప్రశ్న: అనంతపురంలో సొంత క్యాబ్ నడుపుతాను. కొత్త సీఎన్‌జీ కారు తీసుకుంటున్నాను. ఏడాదికి 45,000 కిలోమీటర్లు తిరుగుతుంది. నాకు వారంటీ పొడిగింపు లాభమా?

జవాబు: లక్ష కిలోమీటర్ల మామూలు వారంటీ మీకు మూడేళ్లు రాదు, దాదాపు 27 నెలల్లో అయిపోతుంది. దానిని ఆరేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు పొడిగించే పథకం కొంటే, మిగిలిన 60,000 కిలోమీటర్లు మీరు 16 నెలల్లో తిరిగేస్తారు. కాగితం మీద మూడేళ్లకు డబ్బు కట్టి, ఏడాదిన్నర కూడా వాడుకోలేరు. అందువల్ల సంవత్సరాల సంఖ్యను పక్కనపెట్టి, అదనంగా వచ్చే ఒక్కో పది వేల కిలోమీటర్లకు ఎంత పడుతోందో లెక్కవేసి చూడండి.

అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. పసుపు నంబరు ప్లేటు బండ్లకు కొన్ని కంపెనీలు మామూలు వారంటీనే తక్కువ ఇస్తాయి, మరికొన్ని పొడిగింపు అసలు అమ్మవు. సొంత బండిగా చూపి కొన్న పథకం ట్యాక్సీకి చెల్లదు. ట్యాక్సీ రిజిస్ట్రేషన్‌కు వర్తిస్తుందని షోరూమ్ నుంచి రాతలో తీసుకోకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి. సీఎన్‌జీ కిట్ కంపెనీ అమర్చినదే అయి ఉండాలి. బయట పెట్టించిన కిట్ వల్ల ఇంజిను, ఇంధన వ్యవస్థల వారంటీ పోయే ప్రమాదం ఉంది. ఒకవేళ వివాదం వస్తే, బండి వాణిజ్యానిది కాబట్టి మీరు వినియోగదారుడు కారని ఎవరైనా వాదించవచ్చు. సొంతంగా నడుపుకుంటూ జీవనోపాధి కోసం కొన్న బండి విషయంలో చట్టం మిమ్మల్ని వినియోగదారుడిగానే గుర్తిస్తుంది.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా వీధిలో కార్లన్నీ మునిగిపోయాయి. ఇప్పుడు కొత్త కారు కొంటున్నాం. బడ్జెట్ చాలా తక్కువ. ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్, ఈ రెండింటిలో ఒకటే తీసుకోగలం. ఏది మేలు?

జవాబు: మీ చిరునామాను బట్టి ఇంజిన్ ప్రొటెక్షనే తీసుకోండి, సందేహం అక్కరలేదు. వరద నీటివల్ల జరిగే ఏ నష్టానికీ వారంటీ వర్తించదు. అది తయారీ లోపానికీ, లోపలి భాగాలు వాటంతట అవి పాడవడానికీ మాత్రమే పనికొస్తుంది. మామూలు సమగ్ర బీమా వరద నష్టం ఇస్తుంది గానీ, నీళ్లు చేరిన ఇంజిన్ను స్టార్ట్ చేయబోతే జరిగే నష్టాన్ని చాలాసార్లు తిరస్కరిస్తుంది. గాలి పీల్చే గొట్టం ద్వారా సిలిండర్లోకి చేరిన నీరు గాలిలాగా కుదించుకుపోదు. పిస్టన్ దానిని నొక్కబోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిను విప్పక తప్పదు. ఇంజిన్ ప్రొటెక్షన్ ఉద్దేశించినది ఇలాంటి నష్టానికే. అయినా ఆ కవర్ ఉందని ధైర్యం చేసి, మునిగిన బండి తాళం తిప్పకండి; నీటిలో స్టార్ట్ చేయకూడదనే షరతు దానిలోనూ ఉండవచ్చు. టో చేయించి సర్వీసు కేంద్రానికి పంపండి.

కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి తీసుకుంటారు కాబట్టి మిగతా కవర్లు కూడా మూడేళ్లూ ఉంటాయని చాలామంది అనుకుంటారు. సొంత నష్టం బీమా, దానితో వచ్చే ఇంజిన్ ప్రొటెక్షన్ లాంటి యాడ్-ఆన్‌లు సాధారణంగా ఏడాదికే ఉంటాయి. ప్రతి ఏటా వానాకాలం రాకముందే పాలసీలో ఇంజిన్ ప్రొటెక్షన్ పేరు ఉందో లేదో చూసుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీని మూడో ఏడాది ముగిసేలోగా, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఆలోచించుకోవచ్చు.

ప్రశ్న: నెల్లూరు నుంచి రాస్తున్నాను. నా కారుకు కంపెనీ ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది. నాలుగో ఏడాదిలో పవర్ స్టీరింగ్ మోటారు పాడైంది. ఒకసారి ఆయిల్ మార్పిడి బయట మెకానిక్ షెడ్డులో చేయించానని చెప్పి క్లెయిమ్ తిరస్కరించారు. ఇది న్యాయమేనా?

జవాబు: ఇంజిన్ ఆయిల్ మార్పిడికీ ఎలక్ట్రిక్ స్టీరింగ్ మోటారుకూ సంబంధం లేదు. కాబట్టి ఊరుకోకండి. 2014లో మార్కెట్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆదేశంలో, బయటి మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, ఆ పనివల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. ఆ ఆదేశం మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. పైగా మీరు సంతకం చేసిన పథకంలో ‘సర్వీసులన్నీ అధీకృత కేంద్రంలోనే’ అన్న షరతు ఉండే అవకాశం ఉంది. అందువల్ల కేవలం ఆ ఆదేశాన్నే నమ్ముకోకుండా, మీ బయటి సర్వీసుకూ ఈ లోపానికీ సంబంధం లేదని చూపడం మీదే బలం పెట్టండి.

తిరస్కరణను నోటిమాటగా వదిలేయకండి. ఏ షరతు ప్రకారం తిరస్కరించారో ఈమెయిల్‌లో రాసివ్వమనండి. బయట వేసిన ఆయిల్ బిల్లు, దాని గ్రేడు, మిగతా సర్వీసుల జాబ్ కార్డులు జతచేసి కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు రాయండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా కంపెనీలు అక్కడి నుంచి వచ్చిన ఫిర్యాదుకు స్పందిస్తాయి. అప్పటికీ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కింద కేసు వేయవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చని 2019 చట్టం చెబుతోంది. ఈ-జాగృతి అనే వినియోగదారుల కేసుల పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి.

స్టీరింగ్ బరువెక్కిన కారును నడపడం ప్రమాదం కాబట్టి, కేసు తేలేదాకా మరమ్మతు ఆపవద్దు. అభ్యంతరం తెలుపుతున్నానని రాతపూర్వకంగా చెప్పి, డబ్బు కట్టి కొత్త మోటారు వేయించుకోండి. ఆ బిల్లే తరువాత మీరు కోరే పరిహారానికి ఆధారం. విప్పిన పాత మోటారును సర్వీసు కేంద్రంలో వదిలేయకుండా, దాని మీది పార్టు నంబరు కనిపించేలా ఫొటో తీసి ఇంటికి తెచ్చుకోండి. లోపం ఎక్కడుందో పరీక్ష చేయించమని కమిషన్ అడిగితే చూపడానికి ఆ మోటారే ఉండాలి.