డాక్టర్ సలహా: టూర్ బస్సు దిగి మెట్లెక్కుతుంటే ఒళ్లు వణికింది.. మళ్లీ వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 58. తొమ్మిదేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. షుగర్‌కు ఉదయం గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రాత్రి మెట్‌ఫార్మిన్ వేసుకుంటాను. బీపీకి ఉదయం టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. మోకాళ్ల నొప్పులున్నాయి. బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. కిందటేడాది సిటీ నుంచి చుట్టుపక్కల చూడాల్సినవన్నీ గైడ్‌తో ఒక్కరోజులో చూపించే టూర్‌కు వెళ్లాం. తెల్లవారుజామున 5కే మాత్రలు వేసుకుని బయల్దేరాను. టిఫిన్ రెండో చోటు చూశాక అన్నారు. అక్కడ మెట్లెక్కుతుంటే ఒళ్లంతా చెమటలు, వణుకు, కళ్లు మసకలు. ఎండదెబ్బ అనుకుని నీళ్లు తాగించి బస్సులో పడుకోబెట్టారు. ఇప్పుడు పిల్లలు మళ్లీ అలాంటి టూరే బుక్ చేశారు. ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు. బాత్రూమ్ ఇబ్బందని నేను ప్రయాణంలో నీళ్లు కూడా తాగను. వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చా?
- ఓ పాఠకురాలు

జవాబు: వెళ్లండి. భయపడి ఇంట్లో కూర్చోవాల్సిన పరిస్థితి మీది కాదు. కాకపోతే కిందటిసారి ఏం జరిగిందో ముందు అర్థం చేసుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అది ఎండదెబ్బ కంటే షుగర్ పడిపోవడంలాగే కనిపిస్తోంది.

గ్లిమెపిరైడ్ పని ఏమిటంటే, క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయించడం. మీరు తిన్నారా లేదా అన్నది దానికి తెలియదు. వేసుకున్న రెండు మూడు గంటలకు దాని ప్రభావం బాగా ఎక్కువగా ఉంటుంది. 5 గంటలకు వేసుకున్నారు, అంటే 7, 8 గంటలకల్లా మాత్ర గట్టిగా పనిచేస్తోంది. కడుపు మాత్రం రాత్రి నుంచీ ఖాళీ. దానికి తోడు మెట్లు. కాళ్ల కండరాలు ఉన్న కాస్త గ్లూకోజునూ లాగేసుకుంటాయి. చెమట, వణుకు, కళ్లు మసకబారడం.. మీరు చెప్పినవన్నీ సరిగ్గా ఆ సమయంలోనే వచ్చాయి. ఆ స్థితిలో ఉన్నవాళ్లకు మంచినీళ్లు తాగించి పడుకోబెడితే, నిద్రపోతున్నారనుకునే లోపే స్పృహ తప్పవచ్చు. మీరు తేరుకున్నారు, సంతోషం. ఈసారి మాత్రం మీ వెంట వచ్చేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇంట్లో మీ రోజు మీ చేతిలో ఉంటుంది. ఆకలేస్తే తింటారు, అవసరమైతే బాత్రూమ్‌కు వెళ్తారు, కాళ్లు నొప్పెడితే కూర్చుంటారు. గైడ్ టూర్‌లో ఇవన్నీ ఇంకొకరి గడియారం ప్రకారం నడుస్తాయి. గైడ్‌ను తప్పుపట్టలేం. బస్సు నిండా మనుషుల్ని ఒక్కరోజులోనే నాలుగైదు చోట్లు తిప్పి తీసుకురావాలి ఆయన. కానీ మీ మాత్రలు ఆయన టైమ్ ప్రకారం పనిచేయవు కదా. అందుకే టూర్‌వాళ్లు ఇచ్చిన షెడ్యూల్ కాగితం తీసుకుని, దాని పక్కనే మీ ఒంటి షెడ్యూల్ రాసుకోండి. ఏ టైమ్‌కు తిండి, ఏ టైమ్‌కు మాత్ర, ఎక్కడెక్కడ బాత్రూమ్, ఎక్కడ మెట్లు. ఖాళీలు కనిపించిన చోట రెండు రోజుల ముందే టూర్‌వాళ్లకు ఫోన్ చేసి అడగండి. ముఖ్యంగా టిఫిన్ ఎన్నింటికి, మధ్యాహ్న భోజనం ఎన్నింటికి, ఆలస్యమైతే ఎంతవరకు ఆలస్యమవుతుంది అని అడగండి. మధ్యాహ్నం ఒంటిగంటకు అని రాసి ఉన్న భోజనం మూడింటికి పెట్టడం ఇలాంటి టూర్లలో మామూలే.

షుగర్ మాత్ర విషయంలో ఒకటే గుర్తుపెట్టుకోండి. ప్లేటు మీ ముందుకు వచ్చాకే మాత్ర నోట్లో వేసుకోవాలి. 'ఇప్పుడే వస్తుంది' అన్నప్పుడు కాదు. టిఫిన్ 9 గంటలకైతే మాత్ర కూడా 9 గంటలకే. ఆలోపు ఆకలేస్తే రెండు బిస్కెట్లో ఒక పండో తినండి. రోజంతా మామూలు కంటే ఎక్కువ నడుస్తారు కాబట్టి ఆ ఒక్కరోజు గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించాలా అని మీ డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి. మీ రీడింగులు చూసి చెప్పాల్సిన మాట అది, నేను ఇక్కడి నుంచి చెప్పకూడదు.

గ్లూకోమీటర్ తప్పకుండా వెంట ఉండాలి. ఒళ్లు వణికినా, చెమట పట్టినా, ఊరికే చిరాకొచ్చినా, మాట తడబడినా ముందు చూసుకోవాల్సింది షుగరే. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ కావాలి. అంటే మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ కాసిని నీళ్లలో కలిపి తాగడం, లేదంటే అర గ్లాసు పండ్ల రసం. పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే తీసుకోండి. దాటాక కూడా అంతటితో వదిలేయకుండా బిస్కెట్లో, భోజనమో కాస్త కడుపులో పడాలి. ఎందుకంటే గ్లిమెపిరైడ్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది, షుగర్ మళ్లీ పడవచ్చు. మీటర్ దగ్గర లేకపోతే అనుమానం వచ్చిన వెంటనే గ్లూకోజ్ తీసుకోండి. కాసేపు షుగర్ పెరిగితే వచ్చే నష్టం కంటే పడిపోతే వచ్చే ప్రమాదం చాలా పెద్దది. చాక్లెట్ మీద ఆధారపడొద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. షుగర్‌ ఫ్రీ డ్రింకులు ఇందుకు అసలే పనికిరావు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నా దగ్గరకు వచ్చే ఒకావిడ ఇవన్నీ చక్కగా సర్దుకుని టూర్‌కు వెళ్లారు. మీటర్, గ్లూకోజ్, బిస్కెట్లు అన్నీ ఒక సంచిలో పెట్టుకున్నారు. ఆ సంచి బస్సులో సీటు మీద ఉండిపోయింది. ఆవిడేమో రెండు వందల మెట్ల పైన ఉన్నారు. కింద డ్రైవర్ బస్సుకు తాళం వేసి టీ తాగడానికి వెళ్లాడు. వెంట ఉన్నవాళ్లెవరో పిల్లల కోసం తెచ్చిన జ్యూస్ ప్యాకెట్ ఇచ్చారు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ఎవరికి చెప్పినా నేను ఈ మాట చెబుతున్నాను: గ్లూకోజ్ సంచిలో కాదు, భుజానికి తగిలించుకునే చిన్న పర్సులో ఉండాలి, బస్సు దిగిన ప్రతిసారీ అది మీతోనే దిగాలి.

ఇక నీళ్లు తాగకపోవడం. చాలామంది ఆడవాళ్లు చేసే పనే ఇది, వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ మీ విషయంలో ఇది ఇంకొంచెం చిక్కు. మీ బీపీ మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు. వేసుకున్న రెండు గంటలకు పని మొదలుపెట్టి, నాలుగు గంటల దగ్గర బాగా పనిచేస్తుంది. 6 గంటలకు వేసుకుంటే 10 గంటలకు, అంటే సరిగ్గా బస్సులో ఉన్నప్పుడు మీకు ఇబ్బంది. నీళ్లు తాగకపోయినా అది నీటిని బయటికి పంపిస్తూనే ఉంటుంది. పైన ఎండ. లేచి నిలబడగానే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. మూత్రం గంటల తరబడి ఆపుకుంటే, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లకు, ఇన్ఫెక్షన్ సులువుగా వస్తుంది. మాత్ర మీ అంతట మీరు మానేయకండి. ఆ ఒక్కరోజు దాన్ని వేరే వేళకు మార్చుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి, చాలామందికి అది కుదురుతుంది. నీళ్లు ఒక్కసారే గ్లాసులకొద్దీ కాకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. బస్సు ఆగిన ప్రతిచోటా, అవసరం అనిపించకపోయినా, ముందు బాత్రూమ్‌కు వెళ్లి ఆ తర్వాతే చూడాల్సినవి చూడండి. మధ్యలో ఆపమని గైడ్‌ను అడగడానికి మొహమాటపడొద్దు. పొద్దున బస్సెక్కగానే పక్కకు పిలిచి 'నాకు షుగర్ ఉంది, రెండు గంటలకోసారి ఆగాల్సి ఉంటుంది' అని చెబితే చాలు. అలా చెబితే బస్సులో ఉన్న మరో పదిమంది లోపల్లోపల మీకు దండం పెట్టుకుంటారు.

బస్సులో కడుపు తిప్పడం ఎందుకంటే, బస్సు ఊగుతోందని లోపలి చెవి మెదడుకు చెబుతుంది, ఎదురుగా ఉన్న సీటునో ఫోన్‌నో చూస్తున్న కళ్లు ఏమీ కదలడం లేదని చెబుతాయి. రెండూ పొసగవు, వికారం మొదలవుతుంది. ముందు వైపు కిటికీ సీటు అడిగి తీసుకోండి. వెనక చక్రాల మీద, ఆ వెనక ఉన్న సీట్లు వద్దు. దూరంగా రోడ్డు వైపో కొండల వైపో చూస్తూ కూర్చోండి. ఫోన్ చూడొద్దు. పూర్తి ఖాళీ కడుపూ మంచిది కాదు, నిండా తినడమూ మంచిది కాదు. మాత్ర కావాలంటే డైమెన్‌హైడ్రినేట్ లాంటివి బయల్దేరడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. వాంతులకని చాలామంది ఇంట్లో ఉంచుకునే ఒండాన్‌సెట్రాన్ ప్రయాణపు వికారానికి అంతగా పనిచేయదు. డైమెన్‌హైడ్రినేట్ లాంటి మాత్రలతో మగత వస్తుంది, మెట్ల దగ్గర జాగ్రత్త. కంట్లో ప్రెషర్, అంటే గ్లకోమా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు. ఇంకో సంగతి, షుగర్ మాత్ర వేసుకుని తిన్నది వాంతి అయిపోతే షుగర్ పడే అవకాశం ఉంటుంది. వెంటనే మీటర్‌తో చూసుకోండి.

మోకాళ్ల గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ, నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే. సాయంత్రానికి నొప్పి ఎక్కువవుతుంది, పక్క సీటులో ఉన్నవాళ్లు ప్రేమగా ఒక నొప్పి మాత్ర ఇస్తారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, ఏదైనా కావచ్చు. మీరు అది వేసుకోకూడదు. టెల్మిసార్టాన్, మూత్రం ఎక్కువయ్యే మందు, వీటి మీద ఈ నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీకి రక్తప్రసారం తగ్గిపోతుంది. ఆ రోజు మీరు నీళ్లు కూడా సరిగా తాగి ఉండకపోతే కిడ్నీ మీద దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. నొప్పికి పారాసిటమాల్ మీ పర్సులో పెట్టుకుని వెళ్లండి. మెట్లెక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు వేయండి. కమ్మీ వదలొద్దు. 'పది నిమిషాల్లో బస్సు దగ్గర ఉండాలి' అని గైడ్ కేకేయగానే గబగబా దిగబోయి పడి, తుంటి ఎముక విరిగినవాళ్లను నేను చూశాను. ఐదింటిలో ఎక్కువ మెట్లున్న చోటు ఒకటి వదిలేసి కింద నీడలో కూర్చుంటే ఏమీ కాదు. కొత్త చెప్పులు ఆ రోజే మొదటిసారి వేసుకోవద్దు.

వెళ్లేలోపు ఒక పరీక్ష మీకు మీరే చేసుకోండి. ఆగకుండా రెండంతస్తుల మెట్లు నెమ్మదిగా ఎక్కండి. మోకాలు నొప్పెడితే పర్వాలేదు. ఛాతీ బిగపట్టినట్టున్నా, దవడకో చేతికో నొప్పి పాకినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా టూర్ పక్కనపెట్టి ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లి ఈసీజీ తీయించుకోండి. షుగర్ ఉన్నవాళ్లలో గుండె ఇబ్బంది ఒక్కోసారి నొప్పి లేకుండా ఉత్త ఆయాసంగానే బయటపడుతుంది.

ఎక్కువసేపు కూర్చోవడం వల్ల సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, మామూలే. కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

రాత్రి ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా వెంటనే పడుకోవద్దు. పాదాలు కడుక్కుని, వేళ్ల మధ్య, అరికాళ్లలో బొబ్బలు గానీ గీతలు గానీ ఉన్నాయేమో వెలుతురులో చూసుకోండి. షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవాళ్లకు గాయమైనా నొప్పి తెలియకపోవచ్చు. పడుకోబోయే ముందు షుగర్ ఒకసారి చూడండి. రోజంతా నడిచిన రోజు రాత్రి నిద్రలో కూడా షుగర్ పడే అవకాశం ఉంది. 100 కంటే తక్కువుంటే ఏదైనా కాస్త తిని పడుకోండి, మంచం పక్కన గ్లూకోజ్ పెట్టుకోండి. ఆ రోజు రీడింగులన్నీ ఒక కాగితం మీద రాసి ఉంచితే, ఈసారి మీ డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు గ్లిమెపిరైడ్ మోతాదు మీకు సరిగ్గా ఉందో లేదో ఆయన తేల్చడానికి పనికొస్తుంది.