పాఠకుల ప్రశ్నలు: పల్లెల్లో ఆరోగ్య సర్వే

ప్రశ్న: ములుగు జిల్లా పల్లెల్లో బీపీ, షుగర్‌ మీద థీసిస్ సర్వే చేస్తున్నాం. సగం మంది వయసు 40, 45, 50, 60 అనే వచ్చింది. మగవాళ్లలో చాలామంది తాగుడు లేదన్నారు. ఈ డేటా నమ్మొచ్చా?
– పీజీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: వయసులు నమ్మకండి. సున్నా, అయిదుల దగ్గర కుప్పపడ్డాయంటే అది అంచనా లెక్కే. ఆధార్‌ చూసి రాసుకున్నా అంతే. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్ల కార్డుల్లో ఉన్నది నమోదు రోజు వాళ్లు చెప్పిన వయసే. అందుకే ఊరి గుర్తులతో అడగాలి. 1969 తెలంగాణ ఉద్యమం నాటికి బడికి పోయే ఈడా? 1986 గోదావరి వరదప్పటికి పెండ్లయిందా? మేడారం జాతర రెండేళ్లకోసారి కాబట్టి, ఏ జాతరలో ఎత్తు బంగారం (మనిషి బరువుకు సరితూగే బెల్లం) తూచారో అడిగితే పిల్లల వయసు కూడా తేలుతుంది.

తాగుడు విషయంలో తప్పు ప్రశ్నది. ‘మందు తాగుతారా?’ అంటే లేదంటారు. కల్లు వాళ్ల లెక్కలో మందు కాదు మరి. కల్లు, గుడుంబా, బీరు, మందు అని విడివిడిగా అడగండి. ‘గత 30 రోజుల్లో’ అని ఉంటే ఏ నెలలో అడిగారో కూడా చూసుకోవాలి. తాటికల్లు జోరంతా ఎండాకాలంలోనే. ముంత అంటే ఎంతో ఆ ఊరి ముంతతోనే కొలిచి మిల్లీలీటర్లలో రాయండి. అదే ఊరి ఆశా కార్యకర్త పక్కన కూర్చుంటే జవాబులు మారతాయి. ఆమె ఇల్లు చూపిస్తే చాలు.

బీపీ అంకెలూ ఓసారి తిరగేయండి. డిజిటల్ మెషీన్‌లో చివర సున్నా దాదాపు పదింట ఒకసారే రావాలి. మూడింట ఒకటి సున్నాలైతే ఎవరో గుండుగుత్తగా రాసినట్టే. ఆ ఇళ్లకు మళ్లీ పోవాల్సిందే.

ప్రశ్న: ఊళ్లో పొద్దున తీసిన రక్తం మధ్యాహ్నం వరంగల్ ల్యాబ్‌కు చేరేసరికి షుగర్ తక్కువ చూపిస్తోంది. బూడిదరంగు మూత ట్యూబులే వాడుతున్నాం.
– ల్యాబ్ టెక్నీషియన్, భూపాలపల్లి

జవాబు: ట్యూబులో పడ్డాక కూడా రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది, ఎండలో ఇంకా ఎక్కువ. ఆ ట్యూబులోని సోడియం ఫ్లోరైడ్ దీన్ని ఆపుతుంది గానీ, పూర్తిగా పట్టు చిక్కడానికి గంట పైనే పడుతుంది. ఈలోపే పరగడుపు షుగర్ 130 ఉన్న మనిషి షుగర్ జబ్బుకు హద్దయిన 126 కిందికి జారి, షుగర్ లేనివాళ్ల జాబితాలో చేరిపోతాడు.

ట్యూబును గీత దాకా నింపి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి, వెంటనే ఐసు కలిపిన నీళ్లలో నిలబెట్టండి. అరగంటలో సెంట్రిఫ్యూజ్ చేసి (యంత్రంలో వేగంగా తిప్పి) కణాల నుంచి ప్లాస్మా వేరుచేయాలి. గడ్డకట్టిన ఐస్‌ప్యాక్‌ ట్యూబుకు తగలనీయకండి, కణాలు పగిలి శాంపిల్ పనికిరాకుండా పోతుంది. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేస్తే ఇంత హడావుడి ఉండదు. అయితే రక్తహీనత, కోయ గూడేల్లో కనిపించే సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఆ అంకెను తప్పుదారి పట్టిస్తాయి.

ప్రశ్న: చదువురాని వాళ్ల వేలిముద్ర తీసుకుంటే సమ్మతి అయినట్టేనా?
– సర్వే కార్యకర్త, జనగామ

జవాబు: చాలదు. పత్రం చదివి వినిపించేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉన్న సాక్షి సంతకం కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ సాక్షి మీ టీమ్ మనిషి కాకూడదు. సర్పంచ్ ఊళ్లోకి రానిస్తాడంతే, ఎవరి తరఫునా ఒప్పుకోలేడు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు వేసిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా అధ్యయనంలో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టడాన్ని పార్లమెంటరీ కమిటీ 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. పత్రం ప్రతి ఒకటి వాళ్లింట్లోనే వదిలిరండి.